పదిమందిలో ఆ ఒక్కరు

ఎనుమాముల, వరంగల్
ఫిబ్రవరి 20

హన్మకొండ అమృతవల్లి దవాఖాన మందుల కౌంటరు వారికి,

ఎనుమాముల మిర్చి యార్డులో కమీషన్ దుకాణం నడుపుకునే వెంకట్రాజం నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని రాయబోయి చెయ్యి ఆగింది, దవాఖాన కదా. కౌంటరుకు ఇవతల సంగతి నాకు తెలియదు. అవతల ఉన్న మీ వరకు క్షేమమని తలుస్తాను.

మొన్న మీ దగ్గర బీపీ గోలీలు తీసుకుంటే వాటితో పాటు ఒక కాగితం ఇచ్చారు. ఏదో చీరల దుకాణం కరపత్రమనుకుని జేబులో పెట్టుకున్నాను. యార్డుకు వచ్చాక తీసి చూస్తే అంతా తెలుగు. ఆ గోలి పేరేమిటి, ఎందుకు వాడాలి, ఎప్పుడు వేసుకోవాలి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, దానివల్ల ఏ ఇబ్బందులు రావచ్చు, వస్తే ఎవరికి చెప్పాలి, అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ల బతుకులో ఏ గోలి గురించైనా నాకు తెలిసిన ముచ్చట ఒక్కటే: తిన్నాక వేసుకోవాలి. డాక్టరు గారిని 'ఇదెందుకు సార్' అని అడిగితే 'వేస్కో, తగ్గుతది' అంటారు. మెడికల్ షాపులో అడిగితే 'డాక్టర్నడుగు' అంటారు. ఇక అడగడం మానేసి మింగడం నేర్చుకున్నాం. అందుకే ఆ కాగితం కాంటా ముందు నిలబడి చదివాను, అన్నం తింటూ మళ్లీ చదివాను.

ఒక ముక్క దగ్గర మాత్రం ఆగిపోయాను. 'ఈ మందు వాడే ప్రతి పదిమందిలో ఒకరికి పొడి దగ్గు రావచ్చు' అని రాశారు. నా సందేహమల్లా ఆ ఒక్కరు ఎవరని. పేరు లేదు, ఊరు లేదు. మా దగ్గర పది బస్తాల్లో ఒక బస్తా రంగు పోయిన తాలు కాయ అని తెలిస్తే, అది ఏ బస్తానో చూపించేదాకా ఖరీదుదారు నోరు విప్పడు. మీకు ఆ మనిషి ఎవరో తెలిసీ దాచారా, లేక తెలియకనే రాశారా? ఇప్పటికే ఎక్కడైనా దొరికి ఉంటే చెప్పండి, మిగతా తొమ్మిది మంది నిశ్చింతగా ఉంటారు.

కాగితం చివర 'సందేహాలుంటే అడగండి' అని ఫోను నంబరు, అడ్రసు రెండూ ఉన్నాయి. మా వ్యాపారంలో ఫోనులో ఒప్పుకున్న రేటు సాయంత్రానికి మారిపోతుంది. కాగితం మీద ఉన్నదే మాట. కాబట్టి మీరు కూడా రాతపూర్వకంగానే చెప్పగలరు.

ఇట్లు,
భవదీయుడు,
వెంకట్రాజం

తా.క.: 'ఈ మందును పిల్లలకు అందకుండా ఉంచండి' అని రాశారు. మా పిల్లలకు పెళ్లిళ్లయి ఎవరి ఇళ్లల్లో వాళ్లున్నారు. అల్లుడు మాత్రం వచ్చినప్పుడల్లా మా ఇంటి అల్మారాలన్నీ తెరిచి చూస్తాడు. ఈ నిబంధన అతనికి వర్తిస్తుందా?


హన్మకొండ
ఫిబ్రవరి 26

గౌరవనీయులైన వెంకట్రాజం గారికి,

అమృతవల్లి దవాఖాన ఫార్మసిస్టు సుభాషిణి నమస్కారాలు. కౌంటరుకు ఇవతల అందరం క్షేమం.

మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. ఆ కాగితాలు రాసింది నేనే. ఇవ్వడం మొదలుపెట్టాక వచ్చిన మొదటి ఉత్తరం మీదే. మిగతా కాగితాలు చాలావరకు మా గేటు ముందున్న బజ్జీల బండి మీద కనిపిస్తుంటాయి. బజ్జీలు తిని వాటితో చేతులు తుడుచుకున్న వాళ్లకు ఇప్పటిదాకా ఏ సందేహమూ రాలేదు.

మీ ప్రశ్నకు జవాబు. ఆ ఒక్కరు ఎవరో మాకు తెలియదు. దాచలేదండి, ఎవరికీ ముందుగా తెలియదు. వేలమంది ఈ గోలి వాడితే, వాళ్లలో దాదాపు పదోవంతు మందికి దగ్గు వచ్చిందని లెక్క. ఒకరు దొరికారు కదా అని పక్కవాళ్లు తప్పించుకున్నట్టు కాదు. ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే. గోలి మొదలుపెట్టిన కొన్ని వారాల్లో తెలుస్తుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది. గొంతులో గిలిగిలిగా ఉండి, తెమడ లేకుండా, ఎంత దగ్గినా తీరని దగ్గు. దానివల్ల ప్రాణానికి భయం లేదు గానీ నిద్ర ఉండదు. వస్తే గోలి మీ అంతట మీరు మానకండి, మాకు చెప్పండి. డాక్టరు గారు వేరే రకం రాస్తారు. పెదాలో ముఖమో వాస్తే మాత్రం ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు, వెంటనే దవాఖానకు రావాలి.

ఇంతకీ గోలి మొదలుపెట్టారా? మీకు దగ్గేమైనా ఉందా? తెలియజేయగలరు.

నమస్కారాలతో,
సుభాషిణి

తా.క.: అల్లుడు గారికి కూడా అందకుండా పెట్టండి. ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోకూడదు.


ఎనుమాముల
మార్చి 7

చి.ల.సౌ. సుభాషిణికి వెంకట్రాజం దీవించి రాయునది,

నీ ఉత్తరం అందింది. మా పెద్దమ్మాయి ఈడుదానివని అక్షరాలను బట్టి తెలిసింది, అందుకే చనువుగా రాస్తున్నాను. గోలి మొదలైంది. పొద్దున ఉప్మా తిన్నాక తప్పకుండా పడుతోంది, ఆ ఫికరు నీకు వద్దు.

దగ్గు ఉందా అని అడిగావు. నాకు దగ్గు ఉంది. కానీ ఇది నా ఒక్కడితో తేలే విషయం కాదు, కాగితంలో పదిమంది అని ఉంది కదా. అందుకని పదిమందినీ తయారు చేశాను. దుకాణం ముందు బల్ల మీద నిలబడి నీ కాగితం మొత్తం చదివి, యార్డులో ఈ గోలి వాడేవాళ్లు ఎవరని అడిగాను. పక్క దుకాణం సదానందం వచ్చాడు, హమాలీల మేస్త్రి కట్టయ్య వచ్చాడు. వాళ్లను చూసి ఇంకా కొందరు వచ్చారు. బీపీ ఉన్నట్టు ఇంట్లో కూడా చెప్పనివాళ్లు నా బల్ల దగ్గర ఒప్పుకున్నారు. పదిమంది కాగానే ఆపేశాను. నన్ను ఆ పదిలో కలపలేదు, చూసేవాడు ఒకడు ఉండాలి కదా.

అందరికీ టీ చెప్పి వరుసగా కూర్చోబెట్టాను. టీ వచ్చేలోపే పదికి పదిమందీ దగ్గారు.

సదానందానికి కోపం వచ్చింది. "ఏందిది వెంకట్రాజం, కాయితంల ఒక్కనికే అని రాసిండ్రు. ఈడ పదిమందిమి దగ్గవడ్తిమి" అన్నాడు. కట్టయ్య ఇంకా నెమ్మదైనవాడు. "జర ఆ మేడం నడుగు సేటు, మిగిలిన తొమ్మిదిమంది దగ్గు మా మీదికెందుకు పంపిండ్రో" అన్నాడు.

నేను కాగితం వెనక లెక్క వేసి చూశాను. పదిమందికి ఒకరు చొప్పున నీ మాట నిలబడాలంటే, ఇక్కడ పదిమంది దగ్గుతున్నారు కాబట్టి ఎక్కడో తొంభై మంది ఈ గోలి వేసుకుని ఒక్కసారి కూడా దగ్గకుండా తిరుగుతుండాలి. ఆ ఊరి పేరు చెబితే మేము అక్కడికి మారిపోతాం.

దీవెనలతో,
వెంకట్రాజం

తా.క.: నీ కాగితాన్ని లామినేషన్ చేయించి కాంటా పక్కన తగిలించాను. రైతులు వచ్చి, ఈరోజు ధరలనుకుని చదువుతున్నారు. ఒకాయన కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివి, 'అంత మంచిగనే ఉన్నది గని, క్వింటాలుకు ఎంతిస్తరో రాయలే' అన్నాడు.


హన్మకొండ
మార్చి 13

వెంకట్రాజం సేటు గారికి నమస్కారాలు,

మీ ఉత్తరం చదువుతూ నవ్వాను, చదివాక భయపడ్డాను.

నవ్వింది లామినేషన్ గురించి. నా పెళ్లి ఫోటోకు కూడా ఆ యోగం పట్టలేదు. భయపడింది మీ పదిమంది గురించి. సేటు గారూ, వాళ్లను కూర్చోబెట్టింది మిర్చి యార్డులోనే కదా. అదీ మార్చి నెలలో, ఎర్రటి రాశుల మధ్య. ఈ కాలంలో మీ యార్డు గేటు ముందు నుంచి ఆటోలో పోయినా నాకు కళ్లలో నీళ్లు కారుతాయి. ఒక్క ప్రశ్న అడుగుతాను, ఏమనుకోకండి. ఆ గోలి వేసుకోని వాళ్లకు మీ యార్డులో దగ్గు రాదా?

ఇంకో సంగతి. నిన్న మీ కట్టయ్య గారు ఇంకో ఇద్దరితో వచ్చి మా డాక్టరు కిషన్ రావు గారి ముందు నిలబడి, "కాయితంల చెప్పమన్నరు, చెప్తానికొచ్చినం, దగ్గొస్తాంది" అన్నారు. డాక్టరు గారికి మొదటి నుంచీ ఈ కాగితాలంటే ఇష్టం లేదు. 'మనం చెప్పకపోతే వాళ్లకు దగ్గుందనే తెలవది గదమ్మా' అంటారు. నేను బతిమాలితే ఈ ఎండాకాలం వరకు ఇచ్చి చూడమని ఒప్పుకున్నారు. కాబట్టి దయచేసి యార్డును మా మీదికి పంపకండి.

మీరు మాత్రం కొన్నాళ్లు మిర్చికి దూరంగా ఉండి దగ్గు ఎలా ఉందో చూసుకోండి. అప్పుడు మిర్చి దగ్గు ఏదో, గోలి దగ్గు ఏదో తేలిపోతుంది.

ఇట్లు,
సుభాషిణి

తా.క.: దగ్గని తొంభై మంది ఒకే ఊళ్లో ఉండరు. ఉంటే నేనే ముందు బదిలీ చేయించుకునేదాన్ని.


ఎనుమాముల
మార్చి 24

చి.ల.సౌ. సుభాషిణికి దీవెనలు,

బిడ్డా, నీ ప్రశ్న బంగారం లాంటి ప్రశ్న. ఇంతకాలం ఇక్కడ కూర్చుని నాకెందుకు తట్టలేదో తెలియదు. వెంటనే గోలి వేసుకోని వాళ్ల దగ్గరికి వెళ్లి కనుక్కున్నాను. రైతులు దగ్గుతున్నారు. హమాలీలు దగ్గుతున్నారు. చాయ్ పోసే ఆమె దగ్గుతూనే చాయ్ పోస్తోంది. లారీ డ్రైవరు ఒకతను ఆ పూటే ఊరి నుంచి దిగాడు, దిగుతూనే దగ్గాడు.

దీని అర్థం ఏమిటని సదానందం, నేను చాలాసేపు ఆలోచించాం. గోలి బాగా గట్టిదని, వేసుకోని వాళ్లకు కూడా దగ్గు తెప్పిస్తోందని సదానందం అభిప్రాయం. నేను ఒప్పుకోలేదు. అలాగని కొట్టిపారేయలేదు కూడా, నువ్వేమంటావో చూద్దామని.

తరవాత నువ్వు చెప్పినట్టే చేశాం. దుకాణాలు గుమాస్తాలకు అప్పజెప్పి, ఆ పదిమందినీ వ్యానులో ఎక్కించుకుని కేసముద్రం మార్కెట్టుకు పోయాం. అక్కడ మాకు తెలిసిన దోస్తు ఉన్నాడు. అక్కడ నడిచేది గింజలు, పత్తి. మిర్చికి దూరంగా ఉండమన్నావు కదా, ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు. దారిలో అందరి గొంతులూ తేటపడ్డాయి. నాకు నీమీద గౌరవం పెరిగింది. మార్కెట్టులో అడుగుపెట్టేసరికి ఒకవైపు కందులు తూర్పారబడుతున్నారు, ఇంకోవైపు పత్తి దింపుతున్నారు. దుమ్ము, దూది కలిసి ముఖాన కొట్టాయి. పదిమందీ తుమ్మడం మొదలుపెట్టారు. కట్టయ్య తుమ్మితే పావురాలు లేచిపోయాయి. దగ్గు సంగతి ఇక ఎవరికీ గుర్తు లేదు. నీ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను, తుమ్ముల ప్రస్తావన ఎక్కడా లేదు. తప్పకుండా చేర్చాలి.

యార్డును దవాఖాన మీదికి పంపానని అన్నావు. నేను పంపలేదు బిడ్డా. 'దగ్గు వస్తే మాకు చెప్పండి' అని రాసింది నువ్వు. మా వాళ్లు మాట అంటే మాట అనే మనుషులు. చెప్పమంటే చెప్పి తీరుతారు.

ఇట్లు,
వెంకట్రాజం

తా.క.: కేసముద్రం ప్రయాణానికి మా ఇంటావిడ మొగిలమ్మ పులిహోర కట్టిచ్చింది. తుమ్ముల మధ్యనే తిన్నాం. నలుగురు మాత్రం 'తిన్నాక వేసుకోవాలి' అన్న మాట గుర్తొచ్చి, పొద్దున వేసుకున్న గోలి మళ్లీ వేసుకోబోయారు. నేను కాగితం చూపించి ఆపాను. ఈ ఒక్క మేలైనా మీ డాక్టరు గారికి చెప్పు.


హన్మకొండ
ఏప్రిల్ 4

వెంకట్రాజం సేటు గారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోమవారం పొద్దున మీ యార్డు వాళ్లు చాలామంది ఒకేసారి మా ఓపీకి వచ్చారు. అందరూ పని మీది నుంచి నేరుగా వచ్చారు. తువ్వాళ్లు దులిపి భుజాన వేసుకుని బెంచీల మీద కూర్చున్నారు. ఆ దులపడంతోనే అయిపోయింది. ముందు జ్వరం వాళ్లు దగ్గారు, తరవాత నర్సులు, తరవాత గేటు దగ్గరి వాచ్‌మన్. చివరికి డాక్టరు గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నా కౌంటరుకు వచ్చారు. "సుభాషిణీ, ఆ గోలి నేను వేస్కోలే గద. మరి నాకెందుకు దగ్గొస్తాంది?" అన్నారు. 'మిర్చి సార్' అన్నాను. నేను ఎగతాళి చేస్తున్నానని అనుకున్నారు.

సాయంత్రం పిలిచి చెప్పారు. "ఎండాకాలం దాటినంక ఈ కాయితాలు బంద్. వీటివల్ల లైను పెరిగింది తప్ప ఎవ్వరికి మంచి జరగలే. చదివి బాగుపడ్డ మనిషిని ఒక్కర్ని చూపియ్యి. ఒక్కరు చాలు, నేను మళ్లా మాట్లాడ." నేను మీ పులిహోర సంగతి చెప్పాను. దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

సేటు గారూ, నాకు బాధగా ఉంది. మీకు కాక ఎవరికి చెప్పుకోవాలో తెలియక రాస్తున్నాను. కౌంటరులో నా పని ఏమిటంటే, కవరు మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు పెట్టి ఇవ్వడం. కవరు చేతికి తీసుకున్నాక మనిషి ఒక్క క్షణం అక్కడే నిలబడతాడు. ఏదో అడగాలని ఉంటుంది. వెనక లైను తోస్తుంది, నేను తరవాతి చీటీ అందుకుంటాను, ఆ మనిషి వెళ్లిపోతాడు. ఆ అడగని ప్రశ్నకు జవాబుగానే ఈ కాగితాలు రాశాను. ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చదువుకుంటారు కదా అని.

వచ్చే నెలలో మీ యార్డుకు వేసవి సెలవులు ఇస్తారని విన్నాను. సెలవుల్లో కూడా దగ్గు ఆగని మనిషి మీ పదిమందిలో ఎవరైనా ఉంటే వెంటనే రాయండి. ఒక్కరు దొరికినా చాలు.

ఇట్లు,
సుభాషిణి

తా.క.: డాక్టరు గారు మిమ్మల్ని ఒకసారి చూడాలన్నారు. ఎందుకో చెప్పలేదు. మీరు ఇప్పుడప్పుడే రాకండి.


వరంగల్
మే 24

చి.ల.సౌ. సుభాషిణికి,

యార్డుకు సెలవులు ఇచ్చి వారం దాటింది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ పోయి కనుక్కున్నాను.

సదానందం కాశిబుగ్గలో వాళ్ల అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. గంట కూర్చున్నాను, ఒక్క దగ్గు లేదు. 'జర దగ్గి చూడు' అంటే దగ్గాడు గానీ అందులో నిజం లేదు. కట్టయ్య సొంతూళ్లో మనవరాలి పెళ్లిలో డప్పు ముందు ఎగురుతున్నాడు. ఊపిరి ఆడక ఆగాడే తప్ప దగ్గి ఆగలేదు. మిగతా వాళ్లూ అంతే. గోలి అందరూ వాడుతూనే ఉన్నారు, గొంతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నా దగ్గు కూడా సెలవులతో పాటే పోయింది. గోలికి మాత్రం మా ఇంట్లో ఒక్క పూట సెలవు ఇవ్వలేదు.

బిడ్డా, పదిమందిలో ఒక్కరైనా మిగులుతారనుకున్నాను. ఎవరూ మిగల్లేదు. ఆ ఒక్కరు మా యార్డులో లేరు. నేను ఆ రోజు బల్ల ఎక్కకుండా ఉంటే మీ దవాఖానలో ఇంత గోల జరిగేది కాదు, నీ కాగితాలు ఆగేవి కావు. ఆ కాగితం చదివిన రోజు నుంచి నాకు లోకంలో ప్రతి దాని గురించీ తెలుసుకోవాలనిపిస్తోంది. ఎరువు బస్తా మీది రాత చదువుతున్నాను, టూత్‌పేస్టు డబ్బా చదువుతున్నాను. ఇంత రుచి చూపించిన నీకు నేను చేసింది ఇదీ. మనసు బాగా లేదు.

ఇట్లు,
వెంకట్రాజం

తా.క.: దుకాణానికి తాళం వేస్తూ లామినేషన్ కాగితాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. మీరు బంద్ చేస్తే ఇదొక్కటే మిగులుతుందేమో. ప్రస్తుతం ఫ్రిజ్ మీద పెట్టాను. మొగిలమ్మ అదేమిటని అడిగింది. దవాఖాన ముచ్చట, నీకు సమజు కాదులే అన్నాను.


వరంగల్
మే 30

చిరంజీవి సుభాషిణికి మొగిలమ్మ ఆశీర్వదించి రాయునది,

నేను వెంకట్రాజం గారి భార్యను. నేను నీకు తెలియదు. నీ ఉత్తరాలన్నీ నిన్న రాత్రి ఆయన చేత చదివించుకున్నాను, కాబట్టి నువ్వు నాకు తెలుసు.

మీ డాక్టరు గారు ఫిబ్రవరిలో బీపీ చూసింది నాకు. చీటీ మీద పేరు నాది. గోలి వేసుకుంటున్నది నేను. ఆయనకు బీపీ లేదు.

ఆ రోజు నేను ఫ్యాను కింద బెంచీ మీద కూర్చుంటే ఆయన కౌంటరుకు వెళ్లాడు. నువ్విచ్చిన కాగితం ఆయన జేబులోకి పోయింది. జేబులో నుంచి దుకాణానికి, దుకాణంలో నుంచి గోడ మీదికి ఎక్కింది. ఎనుమాములకు మిర్చి తెచ్చిన ప్రతి రైతూ చదివాడు. నేనొక్కదాన్నే చదవలేదు. ఆయన కావాలని దాచలేదు. కమీషన్ దుకాణంలో ఎవరి చేను మిర్చి వచ్చినా 'మా మాలు' అంటారు, కాయ ఒక్కటి తమది కాకపోయినా. ఆ అలవాటుతోనే నా గోలిని తన గోలి చేసుకుని ఊరేగాడు.

గోలి మొదలుపెట్టిన కొన్నాళ్లకే నాకు గొంతులో గిలి మొదలైంది. నడుం వాల్చానంటే దగ్గు. తెమడ లేదు, జ్వరం లేదు, ఆగడం లేదు. 'నా అంగీకున్న మిర్చి ఘాటు' అన్నాడాయన. ఏటా ఈ కాలంలో మా ఇల్లు దగ్గుతూనే ఉంటుంది, నేనూ నమ్మాను. ఆయన అంగీలు వాకిట్లోనే విప్పించాను, వేరే బకెట్లో ఉతికాను. ఆయన మంచం ముందర గదిలోకి మార్పించాను. పాపం, మారు మాట్లాడకుండా మారాడు. యార్డు బంద్ అయింది, అంగీలు తెల్లబడ్డాయి, నా దగ్గు మాత్రం పోలేదు. అప్పుడు నాకు భయం పట్టుకుంది బిడ్డా. మా చిన్నమ్మ ఇట్లాగే దగ్గి దగ్గి పోయింది. ఆయనకు చెబితే బెంగ పెట్టుకుంటాడని చెప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుని రాత్రిళ్లు దగ్గాను.

మొన్న ఫ్రిజ్ తుడుస్తుంటే కాగితం చేతికొచ్చింది. నాకు సమజు కాదన్నాడు కదా, ఏముందో చూద్దామని కళ్లజోడు తెచ్చుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి, కూడబలుక్కుని చదువుతాను. 'పొడి దగ్గు, తెమడ ఉండదు, గొంతులో గిలి, రాత్రి ఎక్కువ.' నా గొంతులో ఉన్నది నన్ను చూడని మనిషి ఎవరో అక్షరం పొల్లు పోకుండా రాసి పెట్టింది. కింద 'భయపడవద్దు, మందు మారిస్తే తగ్గిపోతుంది' అని ఉంది. నేల మీద కూలబడి ఏడ్చాను. చచ్చిపోతాననుకున్న మనిషిని బతుకుతావని చెప్పినట్టయింది.

తరవాత ఆయన్ని పిలిచి, నీ ఉత్తరాలు చదివించుకుని, జరిగిందంతా ఆయన నోటితోనే చెప్పించాక అన్నాను.

"పదిమందిల ఆ ఒక్కలు ఎవలని మూడు నెల్లసంది దేవులాడుతానవట గద. ఇగో, ఈడ కూసున్న."

ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. "నువ్వు దగ్గుతాంటె ఘాటనుకున్న గదనే" అన్నాడు.

"సదానందాన్ని అడిగితివి. కట్టయ్యను అడిగితివి. లారోన్ని సుత అడిగితివి. ఒక్కనాడన్న నన్నడిగినవా? చంకల పిల్లను పెట్టుకొని సంతంత దేవులాడినట్టు చేస్తివి."

ఆయన లేచి వంటింట్లోకి పోయాడు. చాయ్ పెట్టి తెచ్చాడు. చక్కెర వేయడం మరిచిపోయాడు, నేను కూడా అడగలేదు.

గోలి నేను మానలేదు. మానొద్దని రాశావు కదా. సోమవారం పొద్దున మీ ఓపీకి వస్తున్నాను. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, మిర్చి తగలకుండా వస్తాను. మీ డాక్టరు గారు ఒక్కరిని చూపించమన్నారట. నన్ను తీసుకుపోయి చూపించు.

ఇట్లు,
మొగిలమ్మ

తా.క.: కొత్త గోలి రాస్తే దాని కాగితం నా చేతికే ఇవ్వు. ఆయన పక్కనే నిలబడి చెయ్యి చాపుతాడు, ఇవ్వకు. అందులో ఏముంటుందోనని ఇప్పటి నుంచే నా వెనక తిరుగుతున్నాడు. ముందు నేను చదువుకుంటాను. తరవాత నన్ను అడిగితే చదివి వినిపిస్తాను.